హాల్లో ఎగరేసే చిన్న విమానం ఏది కొనాలి? (షాండ్లియర్‌కి దెబ్బ తగిలింది)

బుచ్చి_బాబాయ్
మా మామకి బుచ్చిరెడ్డిపాళెంలో కల్యాణమండపం ఉండాది. ముహూర్తాలు లేని రోజుల్లో తాళం వేసి ఉంటది. మా పాప ఎనిమిదో తరగతి, దానికి విమానాల పిచ్చి. బయట ఎగరేద్దామంటే పొద్దున పదకొండు దాటితే తూర్పు గాలి, ఎండాకాలం అయితే వడగాలి, కార్తీకంలో వాన. సరే హాల్లో ఎగరేద్దాంలే అని పోయిన నెల ఆన్‌లైన్లో రెండు మోటార్ల ఫోమ్ ఫైటర్ ఒకటి తెప్పించా. 1,800 రూపాయలు. చూడటానికి అచ్చం సుఖోయ్ మాదిరే ఉంటది.

చేత్తో వదిలా. మూడంకెలు లెక్కపెట్టేలోపు ఎదురుగోడ. రెండోసారి కుడికి తిప్పితే తిరగతా తిరగతా పోయి షాండ్లియర్లో ఇరుక్కుంది. గాజు బిళ్ళలు పదకొండు రాలినాయి, పాపే లెక్కపెట్టింది. మామ ఒక్క మాట అనలా. అదే నాకు భయంగా ఉండాది.

ఇంకో 8 వేల దాకా పెట్టగలను. హాల్లో ఎగరేసేదానికి పనికొచ్చే మోడల్ పేరొకటి చెప్పండి. పేరు చెప్తే చాలు, క్లాసు పీకబాకండి.

గెలాక్సీ_చీమకుర్తి
500 మి.మీ. రెక్క ఉన్న స్పోర్ట్ కబ్ లాంటిది తీసుకో. నాలుగు ఛానళ్ళు (నాలుగు రకాల కంట్రోళ్ళు), ఒరిగితే సరిచేసే జైరో ఉంటది, రిమోటు కర్ర వదిలేస్తే తనే సర్దుకుంటది. బ్యాటరీ, రిమోటు అన్నీ డబ్బాలోనే వస్తాయి. నా దగ్గర రెండేళ్ళుగా ఉంది. కళ్ళు మూసుకుని కొనెయ్.

మినీబైపాస్
కళ్ళు మూసుకునే గదన్నా షాండ్లియర్‌కి తగిలించింది

దోనకొండ_రన్‌వే
దగదర్తిలో ఎయిర్‌పోర్టు ఎప్పుడొస్తదా అని నెల్లూరోళ్ళు చూస్తా ఉంటే బుచ్చిలో ముందే క్రాష్ ల్యాండింగ్ అయిపోయింది. మా దోనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఖాళీగా పడుంది, వచ్చి వాడుకోండయ్యా.

లెక్కల_మాస్టారు
పేరు తర్వాత చెబుతాం. హాలు పొడవు, వెడల్పు, ఎత్తు ఎంత? స్టేజీ తీసేసి చెప్పండి. ఫ్యాన్లు నేలకి ఎన్ని అడుగుల ఎత్తులో ఉన్నాయి? మధ్యలో స్తంభాలున్నాయా? అవి తెలియకుండా మోడల్ పేరు చెప్పడమంటే కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టడమే.

బుచ్చి_బాబాయ్
క్లాసు వద్దంటే మాస్టారే వచ్చినారు. సరే, టేపు పెట్టి కొలిచాం. స్టేజీ పోను పొడవు 60 అడుగులు, వెడల్పు 45. స్లాబు ఎత్తు 18, ఫ్యాన్లు రాడ్లతో కిందకి దిగి 11 అడుగుల కాడ ఉండాయి. స్తంభాలు లేవు. నడిమధ్యలో ఆ షాండ్లియర్.

లెక్కల_మాస్టారు
అంటే 18.3 మీటర్లు, 13.7 మీటర్లు. ఇప్పుడు చూడండి.

500 మి.మీ. రెక్క ఉన్నది, వెడల్పు 9 సెం.మీ. అనుకుందాం. వైశాల్యం 450 చదరపు సెం.మీ., అంటే నాలుగున్నర చదరపు డెసీమీటర్లు. బరువు 60 గ్రాములు అనుకుంటే చదరపు డెసీమీటరుకు 13 గ్రాములు పడుతుంది. దీన్ని రెక్క భారం అంటాం. ఈ భారానికి విమానం కూలిపోకుండా నిలబడాలంటే సెకనుకు 5 మీటర్ల వేగం తప్పదు. అంచుమీద నడపలేం కాబట్టి ఆరున్నర వేసుకోండి. హాలు పొడవంతా మూడు సెకన్లలోపే అయిపోతుంది.

అసలు చిక్కు మలుపులో ఉంది. ఆరున్నర మీటర్ల వేగంలో రెక్కను 30 డిగ్రీలు వాలిస్తే చుట్టు తిరిగే వృత్తం వ్యాసం 15 మీటర్లు. మీ హాలు వెడల్పు 13.7. గోడ లోపల పట్టదు. 45 డిగ్రీలు వాలిస్తే 8.6 మీటర్లలో తిరుగుతుంది, కానీ అంత వాలిస్తే కూలిపోకుండా నిలబడే కనీస వేగం కూడా దాదాపు అయిదో వంతు పెరుగుతుంది. కొత్తవాళ్ళ చేతిలో అది నిలవదు.

గుర్తుంచుకోవలసింది ఒక్కటే. మలుపు వ్యాసం రెక్క భారంతో సమానంగా పెరుగుతుంది. అదే రెక్కమీద బరువు సగం చేస్తే మలుపు సగమవుతుంది. విమానం చిన్నదా పెద్దదా అని చూడకండి, బరువుకు తగినంత రెక్క ఉందా అని చూడండి. మీ ఫైటరు రెక్కంతా కలిపి చేతి రుమాలంత కూడా ఉండదు.

మినీబైపాస్
క్లాసు పీకేశారు 😄 కానీ అర్థమయింది

గెలాక్సీ_చీమకుర్తి
మాస్టారూ, కాగితం మీద లెక్క బానే ఉంది. నేను మాత్రం రెండేళ్ళుగా లోపలే ఎగరేస్తున్నా. గోడకు కొట్టింది రెండే సార్లు.

పొగాకు_గోడౌన్
లోపలంటే యాడ లోపల?

గెలాక్సీ_చీమకుర్తి
మా గ్రానైటు పాలిషింగ్ షెడ్డులో. ఆదివారం మిషన్లు ఆపేస్తాం. పొడవు 200 అడుగులు.

పొగాకు_గోడౌన్
అదీ సంగతి. 200 అడుగుల షెడ్డులో నేను బుల్లెట్ బండి కూడా ఎగరేస్తా.

నవాబుపేట_అక్క
మా వాడికి 20 గ్రాముల లోపుది తెప్పించాం, నైట్ వేపర్. సన్నటి కార్బన్ పుల్లల మీద కవరు లాంటి ఫిల్మ్ అంటించి ఉంటది, లైట్లు వెలుగుతాయి. నడిచిపోయే మనిషికి కొంచెం ముందు పోతది, అంతే. మా ఇంటి హాల్లోనే సోఫాల మీద తిప్పుతాడు. గుద్దుకున్నా ఏం కాదు, దానికి బరువే లేదు గదా.

కష్టాలు కూడా చెప్పాలి. ఫిల్మ్ చిరిగితే సెల్లోటేపు వేస్తాం. నాలుగు చోట్ల వేసేసరికి ఒకపక్క బరువెక్కి ఎడమకే పోతా ఉండింది. ఏసీ వేస్తే ఆ గాలికి కర్టెన్‌లోకి పోయి కూర్చుంటది. ప్రొపెల్లర్ ఒకటి విరిగితే రెండోది వచ్చేదానికి నెలన్నర పట్టింది. 2022 ఫిబ్రవరిలో బయటి డ్రోన్ల దిగుమతి ఆపేశాక ఎగిరే బొమ్మ ఏదైనా సరే వస్తదో రాదో అని ఎదురుచూడాల్సిందే. విడిభాగాలకు అడ్డు లేదంటారు గానీ అవీ తొందరగా రావడం లేదు. కొంటే మాత్రం ప్రొపెల్లర్లు, బ్యాటరీలు దాంతోపాటే తెప్పించుకోండి.

దోనకొండ_రన్‌వే
ఈసారి రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడ విదేశీ రొట్టె పట్టుకోబాకు అక్కా, ప్రొపెల్లర్ రొట్టె అడుగు

నవాబుపేట_అక్క
అడిగినా ఇచ్చేవాళ్ళుండాలి గదా నాయనా. అంతకుముందు ఏడాది ప్రొపెల్లర్ దొరికినోళ్ళు వచ్చి వదలాలి 😂

రొయ్యల_గుంట
ఇంత తలనొప్పి ఎందుకబ్బా. చిన్న డ్రోన్ కొనిస్తే నిలబడిన చోటే నిలబడతది, గోడా లేదు షాండ్లియరూ లేదు.

బుచ్చి_బాబాయ్
పాపనే అడిగా. "అది ఫ్యాను నాన్నా, విమానం కాదు" అనింది.

రొయ్యల_గుంట
😐 పిలకాయలతో మనకెందుకులే

అయితే ఇంకో మాట. నేర్చుకునేదానికి హాలుకన్నా కోత కోసిన కయ్య మేలు. తెల్లారగట్ల ఆరింటికి ఆకు కూడా కదలదు, పడినా గడ్డిదుబ్బుల మీదే పడతది. మేము ముత్తుకూరు పక్క అట్టే నేర్చుకున్నాం. ఎనిమిది దాటితే సర్దేసుకుని వచ్చేయాల. గట్టు అవతల నీళ్ళ గుంట లేకుండా చూసుకో, నాది ఒకటి రొయ్యలు తినేసినాయి.

గెలాక్సీ_చీమకుర్తి
ఇది నేనూ ఒప్పుకుంటా. కబ్ తీసుకుని కయ్యలో నేర్పించు, చెయ్యి తిరిగాక హాల్లోకి రా. జైరో ఉంటే కొత్తవాళ్ళకి ధైర్యం.

లెక్కల_మాస్టారు
జైరో గురించి ఒక హెచ్చరిక. కొత్తవాళ్ళ కోసం పెట్టిన మోడ్‌లో అది రెక్కను ఎక్కువ వాలనివ్వదు. బయట అది వరం. లోపల శాపం, ఎందుకంటే తక్కువ వాలితే మలుపు పెద్దదవుతుంది. కర్ర మొత్తం తిప్పి పట్టుకున్నా గోడ దగ్గరికి వస్తూనే ఉంటుంది. నేను కావలిలో షటిల్ కోర్టులో ఒకసారి చూశాను. కోర్టు పొడవే 13.4 మీటర్లు. ఆ అబ్బాయి కర్ర విరిగేలా నొక్కుతున్నాడు, విమానం మాత్రం నింపాదిగా వెళ్ళి స్కోరు బోర్డును ముద్దుపెట్టుకుంది.

గెలాక్సీ_చీమకుర్తి
ఆ మోడ్ తీసేసి నడపొచ్చు గదండీ

లెక్కల_మాస్టారు
తీసేస్తే ఎనిమిదో తరగతి పాప నడపాలి, మీరు కాదు.

మినీబైపాస్
లైసెన్సు లాంటిది ఏమన్నా కావాలా? మా పక్కింటాయన పోలీసులొస్తారని భయపెడతా ఉండాడు

పొగాకు_గోడౌన్
2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాముల లోపువి నానో కింద వస్తాయి. వాటికి రిమోట్ పైలట్ లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడ మనం మాట్లాడేది 60 గ్రాముల గురించి. పక్కింటాయన్ని గమ్మున ఉండమను.

నా సంగతి చెప్తా. టంగుటూరులో మా బంధువుల పొగాకు గోడౌన్ ఉంది, సీజన్ లేనప్పుడు ఖాళీ. 38 గ్రాముల చాంప్ ఒకటి ఉంది నా దగ్గర, మూడు ఛానళ్ళది. గోడౌన్‌కి చక్కగా సరిపోద్ది. ఒక్కటే చిక్కు. నేలమీద పొగాకు నుసి, ఆకు ఈనెల పీచు ఉంటాయి. విమానం దిగినప్పుడల్లా ఆ పీచు ప్రొపెల్లర్ వెనక ఇరుసుకి వెంట్రుక మాదిరి చుట్టుకుంటది. మొదట్లో చూసుకోలా. మోటారు అరుపు మారింది, వేడెక్కింది, పవర్ తగ్గింది. బ్యాటరీ పోయిందనుకుని రెండు బ్యాటరీలు కొన్నా. తీరా ప్రొపెల్లర్ ఊడదీసి చూస్తే నల్లటి ఉంగరం మాదిరి గట్టిగా బిగుసుకుని ఉంది, కనుబొమ్మల పట్టకారుతో పీకా. ఇప్పుడు దిగగానే వేలితో తిప్పి చూడటం అలవాటైపోయింది. కల్యాణమండపంలో అక్షింతలు, పూలదండల దారాలు ఉంటాయి గదా, ముందు నేల ఊడ్పించు.

బుచ్చి_బాబాయ్
అక్షింతలంటే గుర్తొచ్చింది, బియ్యం గింజ ఒకటి రెక్కలో గుచ్చుకుని ఉండె. సరే, ఇప్పుడు నాకు తేలిందేమంటే కబ్ వద్దు, అక్క చెప్పింది కావాల, కానీ అది దొరికేదెప్పుడో తెలీదు. అంతేనా?

ఈనె_పుల్ల
అంతే కాదు. నువ్వేం కొనబాకు. నీ దగ్గర విమానం ఉండనే ఉంది, దాని రెక్క మార్చు.

ఆ ఫైటర్లో ఉండేదేంది? రెండు చిన్న మోటార్లు, ఒక బోర్డు, ఒక సెల్ బ్యాటరీ, తీగలు. ఎడమ మోటారు కుడి మోటారు వేగాలు మార్చి తిప్పుతది, చుక్కాని కూడా లేదు. ఫోమ్‌ని బ్లేడుతో చీల్చి ఇవన్నీ బయటికి తియ్యి. తీసేటప్పుడు ఏ తీగ ఎడమ మోటారుదో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టు. తర్వాత బంగారం కొట్టులో తూకం వేయించు, వంటింటి కాటాకి అంత చిన్నవి అందవు. 16, 17 గ్రాములు దాటదు.

రెక్కకి చెక్క ఫ్లోరింగ్ కింద పరిచే 3 మి.మీ. గట్టి ఫోమ్ షీటు తెచ్చుకో. పెళ్ళి డెకరేషన్ థర్మకోల్ వద్దు, లావు, గింజలు గింజలుగా రాలతది. రెక్క 60 సెం.మీ. పొడవు, 16 సెం.మీ. వెడల్పు. కొసలు రెండూ నేలనుంచి నాలుగు వేళ్ళు పైకి లేపి అంటించాలి, లేకపోతే మోటార్లు తిప్పినా విమానం వాలదు, ముక్కు మాత్రం పక్కకి తిరుగుతది. నడుముకి ఒక సన్న వెదురు బద్ద. తోక దన్నుగా కొబ్బరి ఈనెలు. నా పేరు అందుకే. ఇన్‌స్టంట్ గమ్ము మాత్రం తాకించబాకు, ఫోమ్‌ని కరిగించి బొక్క పెట్టుద్ది. ఫెవికాల్ పల్చగా రాసి రాత్రంతా వదిలెయ్. ఎక్కువ రాస్తే ఆ బరువంతా నువ్వే మొయ్యాల.

బ్యాటరీ ముందుకీ వెనక్కీ జరిపి, రెక్క ముందు అంచునుంచి 5 సెం.మీ. దగ్గర రెండు వేళ్ళ మీద నిలబడేలా చూడు. మోటారు వేయకుండా ముందు ఊరికే వదులు. ముక్కు లేపి లేపి పడితే ముందు బరువు చాలలేదని.

లెక్కల_మాస్టారు
ఈనె పుల్ల గారి రెక్క 9.6 చదరపు డెసీమీటర్లు. మొత్తం 33 గ్రాములలో ముగిస్తే చదరపు డెసీమీటరుకు మూడున్నర గ్రాములు కూడా పడదు. సెకనుకు మూడు మీటర్ల పైచిలుకు వేగం, 30 డిగ్రీల వాలులో నాలుగు మీటర్ల వృత్తం. షాండ్లియర్‌కి ఇటుపక్కే తిప్పుకోవచ్చు. రెక్క 50 నుంచి 60 సెం.మీ.కి పెరిగినా మలుపు 15 నుంచి 4కి వచ్చింది, గమనించారా?

గెలాక్సీ_చీమకుర్తి
దానికి ఎలివేటర్ (ముక్కు పైకీ కిందకీ తిప్పే తోక రేకు) లేదు, చుక్కాని లేదు. పాప ఏం నేర్చుకుంటది దానిమీద? రేపు నిజం విమానం చేతికిస్తే మళ్ళా మొదటికే.

ఈనె_పుల్ల
బరువు ఎక్కడ పెట్టాలో నేర్చుకుంటది. అది కొన్న విమానం నేర్పదు. కర్రలు తిప్పడం అంటావా, ఫోన్లో విమానం నడిపే సిమ్యులేటర్లు ఉచితంగా దొరకతాయి, ఆడుకోమను.

రొయ్యల_గుంట
ఇద్దరూ కొట్టుకోబాకండి, ఇద్దరి మాటా కరెక్టే. బ్యాటరీ గురించి ఎవరూ చెప్పలా. 150 ఎంఏహెచ్ బ్యాటరీని 150 మిల్లీ యాంపియర్లకు మించి ఛార్జి చేయబాకు, గంట పడతది, పట్టనీ. దించగానే వేడిగా ఉంటది, చల్లారినాకే పెట్టు. నిండితే 4.2 వోల్టులు, వారం పది రోజులు వాడకపోతే 3.8 కాడ ఆపి పెట్టు. మే నెలలో కారులో వదిలేసినా ఒకసారి, దిండు మాదిరి ఉబ్బింది. ఇంకొకటి, వేరే కంపెనీ బ్యాటరీ కొంటే పిన్ను అచ్చం అదే ఉంటది, ఎరుపు నలుపు తారుమారు ఉంటాయి. చూడకుండా గుచ్చితే బోర్డు పని అయిపోద్ది.

మినీబైపాస్
ఇది అనుభవంతో చెప్తా ఉండాడు అనిపిస్తాది

రొయ్యల_గుంట
రెండు బోర్డులు

బుచ్చి_బాబాయ్
(మూడు వారాల తర్వాత)
మూఢం వచ్చింది, మండపం బుకింగులు లేవు. అందరికీ చెడ్డరోజులు, మాకు మంచిరోజులు.

చిన్నబజారులో తెలిసిన బంగారం కొట్టుకు పోయి బోర్డు, మోటార్లు, బ్యాటరీ కాటాలో పెడితే ఆయన కళ్ళజోడు సర్దుకుని "ఇది ఏం నగ సామీ" అన్నాడు. 16.4 గ్రాములు. షీటు కోశాం, అంటించాం. పూర్తయ్యాక 36 వచ్చింది, ఫెవికాల్ నా చేతిది. ఈనె పుల్ల అన్నా, తిట్టుకో.

మొదటి రోజు మోటారు వేయలా. ఊరికే వదిలితే ముక్కు లేపడం, పడటం. పాప బంకమన్ను గోళీ చేసి ముక్కుకి పెట్టింది. కొంచెం కొంచెం గిల్లి తీస్తా, మళ్ళా వదలతా, పదహారోసారో పదిహేడోసారో స్టేజీ అంచునుంచి వదిలితే గీత గీసినట్టు పోయి తలుపు కాడ దిగింది. నేనూ పాపా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, మాట రాలా.

రెండో రోజు మోటార్లు. పవర్ ఎక్కువ ఇస్తే ముక్కు పైకి లేస్తది, సగం ఇస్తే చాలు. హాలు చుట్టూ నాలుగు రౌండ్లు, గోడకి ఆరడుగుల దూరంలో. అయిదో రౌండులో మా వాచ్‌మన్ ఉక్కగా ఉండాదని పాపం మా మీద ప్రేమతో ఫ్యాన్లు వేసినాడు. విమానం లేచి లేచి ఫ్యాన్ల మీదకి పోయింది, స్లాబుకి రుద్దుకుంటా తిరిగింది, పాప మోటార్లు ఆపేస్తే ఆకు మాదిరి కింద పడింది. ఏం కాలా. ఇప్పుడు స్విచ్‌బోర్డు మీద పాప చేత్తో రాసిన కాగితం ఉండాది: "విమానం ఎగిరేటప్పుడు ముట్టుకోరాదు".

లెక్కల_మాస్టారు
36 గ్రాములకు వృత్తం నాలుగు మీటర్ల పైచిలుకే. ఆరడుగుల దూరంలో తిరిగిందంటే లెక్క సరిపోయింది.

గెలాక్సీ_చీమకుర్తి
సరే, ఒప్పుకున్నా. కయ్య కోత అయినాక మాత్రం కబ్ తీసుకొస్తా, పాపకి ఒక రౌండు ఇస్తా.

నవాబుపేట_అక్క
మామగారు ఇంకా మాట్లాడలేదా?

బుచ్చి_బాబాయ్
నిన్న సాయంత్రం వచ్చినాడు. వెనక కుర్చీలో కూర్చుని అరగంట చూసినాడు. తర్వాత లేచొచ్చి పాప చేతిలోంచి రిమోటు తీసుకుని "ఎట్టా ఇది" అన్నాడు. మొత్తం పవర్ ఇచ్చేసినాడు.

గాజు బిళ్ళలు ఇప్పుడు పన్నెండు తక్కువ. పన్నెండోది మామ ఖాతా.

మినీబైపాస్
😂😂 ఆ ఫ్లోరింగ్ షీటు యాడ దొరికింది? ముక్క మిగిలితే పారేయబాకు, ఆదివారం వస్తా ఉండా